నేను తీసేసిన మాటలు

నా ఉద్యోగం ఏమిటని అడిగితే మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. ఇంటి ఓనరమ్మ దృష్టిలో నేను కంప్యూటర్‌లో టైపు కొడతాను. పాలాయన లెక్కలో అమెరికా పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. అసలు సంగతి బయట చెప్పనని కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి ఎవరినీ సరిదిద్దలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కాగితం కంటే పెద్దవి పోయాక కాగితానికి భయపడేదేముంది.

వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో పదమూడేళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. కరోనాలో కాలేజీ మూతపడింది. ఏడాది ఖాళీగా ఉన్నాక హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటి నుంచే పని అని తీసుకుంది. సోషల్ మీడియాలో జనం పెట్టే రాతలు, బొమ్మలు, వీడియోల మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అవి నా ముందుకు వస్తాయి. ఉంచాలో తీసేయాలో నేను చెప్పాలి. నాకు అప్పగించినవి తెల్లజాతే గొప్పదనేవాళ్లవి, నయా నాజీలవి. ఎక్కడి జర్మనీ, ఎక్కడి వనపర్తి. పొద్దున ఆరింటికి వాకిట్లో నీళ్లు చల్లి, చాయ్ తాగి, తలుపేసుకుని, నేను ఎన్నడూ చూడని మనుషులను నేను ఎన్నడూ చూడని మనుషులు ఎందుకు చంపాలో చదువుతూ కూర్చునేదాన్ని.

శిక్షణలో ఒకామె మాకు ఒక మాట చెప్పింది. మాటల వెంట పరుగెత్తకండి, మాటలు రోజూ మారతాయి, మాటకు బదులు అంకెలు పెడతారు, బొమ్మలు పెడతారు, పట్టుకుంటే నవ్వులాటకు అన్నామంటారు, మీరు కింద ఉన్న నమ్మకాన్ని పట్టుకోండి అంది. నిజమే. వాళ్లలో గుంపులు వేరు, జెండాలు వేరు, ఒకరంటే ఒకరికి పడదు కూడా. అయినా నెల తిరిగేసరికి వాళ్ల పాట నాకు కంఠతా వచ్చేసింది. మా రక్తం స్వచ్ఛమైంది. దాన్ని కలిపేయడానికి తెర వెనుక ఎవరో కుట్ర చేస్తున్నారు. ఆ ఎవరో ఎప్పుడూ యూదులే. మేము తగ్గిపోతున్నాం, బయటివాళ్లు పెరిగిపోతున్నారు. మా ఆడవాళ్లను ఎత్తుకుపోతున్నారు. అందరికంటే అన్యాయమైపోయింది మేమే, కాబట్టి ఇక మేము ఏం చేసినా అది ఆత్మరక్షణ. చివరకు ప్రార్థన చేసుకుంటున్నవాళ్లను తుపాకీతో కాల్చినవాడి ఫోటోకు దండ వేసి, తల చుట్టూ వెలుగు గీసి, సాధువు అంటారు.

పరాయివాళ్ల మీదే వాళ్లకు కోపమనుకుంటాం. కాదు. పరాయివాడి చెయ్యి పట్టుకున్న తమ ఆడపిల్ల మీద ఇంకా ఎక్కువ. రాజ్యం తమ చేతికి వచ్చిన రోజు మొదట ఉరి తీయాల్సింది అలాంటి ఆడవాళ్లనే అని రాసుకుంటారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మరుసటి రోజు తిన్నాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, నేనేం గొప్ప.

ఒకసారి ఒకడు భూమ్మీది మనుషులందరినీ మెట్ల మీద నిలబెట్టి బొమ్మ గీశాడు. పైమెట్టు మీద వాడు. అడుగు మెట్టుకు కాస్త పైన, మన రంగువాళ్లం. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నవ్వుకుంటూ తీసేశాను. అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

ఆ రోజుల్లో నా ఇంట్లో నాతో పాటు మా అన్న కూతురు ఉండేది. వనపర్తిలో నర్సింగ్ చదివింది. నాలుగేళ్లు నా వంటే తిని, నా వంటకే వంకలు పెట్టింది. నాకు పిల్లలు లేరు. పెళ్లయిన మూడేళ్లకు మొగుణ్ని వదిలేసి వచ్చినదాన్ని. ఆ పిల్ల నన్ను అత్తా అని పిలిచినప్పుడల్లా నాకు ఒక ఇల్లు ఉందనిపించేది.

మా అన్నది గద్వాల అవతల, గట్టు మండలంలో ఒక పల్లె. సీడు పత్తి వేస్తాడు, అంటే విత్తనం కోసం పెంచే పత్తి. ఆ పని తెలియనివాళ్లకు చెప్పాలి. చేనులో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. సాయంత్రం పూట ఆడ సాళ్లలో తిరిగి, రేపు విచ్చుకోబోయే మొగ్గ రేకులూ పుప్పొడీ గోటితో వలిచి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తగిలిస్తారు. తెల్లారి మగ పువ్వు తెంపుకొచ్చి, దాని పుప్పొడి ఈ పువ్వు మీద రాస్తారు. దాన్ని క్రాసింగ్ అంటారు. ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యే పెళ్లి చేయాలి. ఆ పువ్వు బతుకు ఒక్క పూట. ఈ రోజు రాయకపోతే రేపు అది రాలిపోతుంది. అందుకే క్రాసింగ్ రోజుల్లో, రెండు నెలలకు పైగా, మా ఊళ్లో పెళ్లి పెట్టుకోరు, చుట్టాలను పిలవరు, చావు తప్ప దేనికీ చేను విడిచిపెట్టరు. నేను కూడా పెళ్లికి ముందు అన్నతో కలిసి వేళ్లు పసుపెక్కేదాకా ఆ పని చేసినదాన్నే.

ఆ పంటలో రెండో భయం కల్తీ. చేనులో వేరే రకం మొక్క ఒకటి మొలిచినా మొత్తం విత్తనం పనికిరాదంటారు. వాటిని బెరకు మొక్కలంటారు. మా అన్న చేను గట్టున నడుస్తూ ఆకు రంగు చూసి, కాడ నూగు చూసి, అది పూతకు రాకముందే పీకి పారేస్తాడు. ఆయన కన్ను అంత పదును. ముప్పై ఏళ్లు ఆ చూపుతో బతికాడు.

మా అన్న చెడ్డవాడని చెబితే ఈ కథ నాకు సులువయ్యేది. కాదు. నేను మొగుణ్ని వదిలి ఇంటికొచ్చినప్పుడు ఊరంతా చెవులు కొరుక్కుంది. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు పిలిచి పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. నీకు ఈ ఇల్లుంది అని చెప్పడం అది. కాపురం చెడిన దానికి ఒడిబియ్యమేంటని పెద్దవాళ్లు అడ్డుపడ్డారు. మా అన్న ఎవరి మాటా వినకుండా నన్ను పీట మీద కూర్చోబెట్టి, మా వదినె చేత ఐదు దోసిళ్లు పోయించాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు నిజం. ఇప్పటికీ నిజమే అంటాను.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఫోన్ తీస్తే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ ఉంది. అన్న పంపాడు. జొన్నచేను మధ్య చీర కట్టుకున్న తల్లి, చంకలో పసిబిడ్డ, వెనుక పొద్దు పొడుస్తోంది. మన బిడ్డల భవిష్యత్తు మన రక్తంలో ఉంది, కాపాడుకుందాం అని తెలుగులో రాసి, కింద మా కులం యువకుల సంఘం పేరు. వేళ్లతో పెద్దది చేసి చూశాను. అదే బొమ్మను ఆ వారం నేను మూడుసార్లు తీసేశాను. అందులో గోధుమచేను, పసుపు జుట్టు తల్లి. పొద్దు అదే, బిడ్డను ఎత్తుకున్న తీరు అదే, చివరకు తల్లి కొంగు ఎగిరే వైపు కూడా అదే. ఎవడో ముఖం మార్చి, పంట మార్చి మా ఇంట్లోకి పంపాడు.

ఉండబట్టలేక ఆ ఆదివారం అన్న దగ్గరకు పోయాను. కంపెనీ పేరు చెప్పకుండా సంగతంతా చెప్పాను. ఈ బొమ్మ గీసినవాళ్లు మనల్ని మనుషుల కిందే లెక్కవేయరు అన్నా, నిన్ను చూస్తే పక్క సీటులో కూర్చోరు, వాళ్ల దేశంలో నువ్వే బెరకు మొక్కవు అన్నాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నిదానంగా విని, బీడీ ఆర్పి, ఒప్పుకోలుగా తలాడించాడు.

“వాళ్ల లెక్కల వాళ్లు కరెక్టే గద చెల్లె. ఎవల జాతిని వాళ్లు కాపాడుకుంటున్నరు. మనకే సోయి లేదు.”

నన్ను కింది మెట్టు మీద నిలబెట్టినవాడితో మా అన్నకు పేచీ లేదు. మెట్లు ఉండాలన్న దగ్గర వాళ్లిద్దరూ ఒకటే. ఉద్యోగంలో మూడేళ్లు చదివిన ఆ రాతలన్నీ నాకు ఆ ఒక్క మాటతో అర్థమయ్యాయి. నేను ఊరుకోకుండా, నీ బతుకంతా క్రాసింగే కదా అన్నా, రెండు రకాలు కలిస్తేనే కదా మంచి పంట అన్నాను. పత్తికి పత్తే కలుపుతా, కందిచెట్టు పుప్పొడి తెచ్చి రాస్తానా అని నవ్వాడు. మనిషికి మనిషేగా అని నేను అనాల్సింది. ఆ జవాబు నాకు బస్సులో గద్వాల దాటాక తట్టింది. పాఠాలు చెప్పి బతికినదానికి అంత నెమ్మది బుర్ర.

అప్పటికే మేనకోడలు ప్రేమలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, అన్నకు తెలియదు. చదువులో భాగంగా అడవి పల్లెలకు పోయి బాలింతలను చూసి రావాలి. అలా నాగర్‌కర్నూల్ మీదుగా నల్లమలకు పోయినప్పుడు ఒక చెంచు యువకుడు వీళ్లకు దారి చూపించాడు. అడవి శాఖలో చిన్న ఉద్యోగం. పులులు తిరిగే చోట కెమెరాలు కట్టి, అడుగుజాడలు చూసి రాసుకోవడం అతని పని. తక్కువ మాట్లాడతాడు. మా పిల్ల ఆపకుండా మాట్లాడుతుంది. బాగానే కుదిరింది.

మొదటిసారి అతన్ని మా ఇంటికి తెచ్చింది. అన్నం పెట్టాను, కొసరి వడ్డించాను. అత్తమ్మా అని నోరారా పిలిచాడు. వాళ్లు వెళ్లాక గిన్నెలు తోముతూ చూసుకుంటే, అతను తిన్న కంచం ఒక్కటే పక్కకు పెట్టి ఉంది. పెట్టింది నేనే. ఎవరూ చెప్పలేదు, నేను అనుకోలేదు, నా చెయ్యి పెట్టేసింది. రోజుకు వందల రాతలు చదివి ద్వేషాన్ని వాసనతో పట్టేస్తానని పేరు తెచ్చుకున్న మనిషిని. ఆ కంచం ముందు సిగ్గుతో చాలాసేపు కూర్చున్నాను. ఆ సిగ్గుకు పరిహారంగానే కావచ్చు, వాళ్ల పెళ్లికి సాక్షి సంతకం నేనే పెట్టాను.

హైదరాబాద్‌లో దండలు మార్చుకుని, రిజిస్టర్ చేయించుకుని, నాగర్‌కర్నూల్‌లో ఒక గది తీసుకున్నారు. పిల్లకు అక్కడే ప్రైవేటు దవాఖానలో ఉద్యోగం దొరికింది. అన్నకు ఫోన్ చేసి నేనే చెప్పాను. ఆయన ఏమీ అనకుండా పెట్టేశాడు. తిట్టి ఉంటే నేను కాస్త నిద్రపోయేదాన్ని.

తర్వాత గ్రూపులో మాటలు మొదలయ్యాయి. దీని వెనుక ఎవరో ఉన్నారట. పట్నంలో కూర్చుని మన పిల్లలకు వల వేయమని వాళ్లకు బండ్లు, బట్టలు కొనిస్తున్నారట. ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. యూదుడు లేనిచోట కూడా యూదుణ్ని తయారు చేసుకోవచ్చని నాకు అప్పుడు తెలిసింది. ఇంకెక్కడో కూతురు చేసుకున్నవాణ్ని చంపించిన ఒక తండ్రి ఫోటో పెట్టి, ఇతనే నిజమైన తండ్రి అని ఎవరో రాశారు. దాని కింద మా అన్న రెండు చేతులు జోడించిన గుర్తు పెట్టాడు. నా కంప్యూటర్‌లో ఎక్కడో పరాయి దేశంవాడు అలాంటిది పెడితే క్షణం ఆలోచించేదాన్ని కాదు, పై అధికారులకు కూడా పంపేదాన్ని. ఇక్కడ ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి పోయాను. కోపంలో ఉన్నాడు, చల్లబడతాడు, నా అన్న కదా అనుకున్నాను.

మూడు నెలలకు, శ్రావణంలో, ఆయనే ఫోన్ చేశాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. వదినె రోజూ ఏడుస్తోందట, అన్నం ముట్టడం లేదట.

“బిడ్డను తోల్కరా చెల్లె. ఒడిబియ్యం పోస్తం. అల్లున్ని మల్లొకసారి పిలుస్తం, ఊరు జర సల్లబడనీ.”

ఒడిబియ్యం అన్న మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఫోన్ పట్టుకునే ఏడ్చాను. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఒడి నింపిన బిడ్డను పొద్దు గూకకముందే అత్తగారింటికి సాగనంపాలి, ఆ బియ్యం ఆమె అక్కడే వండుకోవాలి. అంటే అన్న ఆ చెంచు ఇంటిని కూతురి ఇల్లుగా ఒప్పుకున్నాడన్న మాట. అది క్రాసింగ్ జోరుగా నడిచే కాలం. అది కూడా నాకు గుర్తుంది. గుర్తుండి కూడా, చూశావా, బిడ్డ కోసం చేను పని కూడా ఒక పూట వదులుకుంటున్నాడని మురిశాను. ఆ ఊళ్లో పుట్టి, ఆ పువ్వులు వలిచి పెరిగినదాన్ని, ఆ రోజుల్లో శుభకార్యం పెట్టే ఇల్లు మా పల్లెలో ఉండదు కదా అని అడగాల్సింది పోయి మురిశాను.

పిల్ల ఒప్పుకోలేదు. నాన్న అంత జల్దీ మారే మనిషి కాదు, నాకు మనసొప్పడం లేదు అంది. దాని మొగుడు, అడవిలో జంతువు నీళ్లకు దిగే ముందు చాలాసేపు నిలబడి చూస్తుంది అత్తమ్మా అని మాత్రం అన్నాడు. నేను వినలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాను. నాకు ఒడి నింపిన చేతులు అవి అన్నాను. ఒడిబియ్యం పేరు చెప్పి ఎవరైనా అబద్ధమాడతారా అన్నాను. రెండు రోజులు సతాయించి ఒప్పించాను.

వనపర్తిలో ఇద్దరమే బస్సెక్కి, కృష్ణ దాటి, గద్వాలలో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి పొద్దున పది. పిల్ల ఆకుపచ్చ చీర కట్టుకుంది. దారిలో రెండుసార్లు నా చెయ్యి పట్టుకుంది. ఇంటి ముందు ముగ్గు, అరుగు మీద పీట, పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, వక్కలు. వదినె పిల్లను కావలించుకుని ఏడ్చింది. అన్న తల మీద చెయ్యి పెట్టాడు. అంతా సరిగ్గానే ఉంది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

మేనత్తవు కదా, ఒడి నింపేలోపు నువ్వు మల్దకల్ గుడికి పోయి కొత్త జంట పేరు మీద కొబ్బరికాయ కొట్టి రా, మొక్కుకున్నాను అన్నాడు అన్న. ఆటో కూడా సిద్ధంగా ఉంది. మేనత్తకు అంత మర్యాద ఇచ్చినందుకు సంతోషంగా పోయాను. స్వామి ముందు ఇద్దరి పేర్లూ చెప్పి, అయ్యగారికి గోత్రం తెలియదని చెప్పి, కాయ కొట్టించాను. కాయ బాగా పగిలింది. కొబ్బరి చిప్పలు కొంగులో కట్టుకుని తిరిగొచ్చాను.

ఇంటికి తాళం వేసి ఉంది. పీట బోర్లా పడి ఉంది. పసుపు బియ్యం పళ్లెం అరుగు మీదే ఉంది, కోళ్లు తింటున్నాయి. వాటిని అదిలించాలని కూడా తోచలేదు. ఫోన్లు మోగవు. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. పరుగున చేనుకు పోయాను. మనిషి లేడు. ఆడ సాళ్ల నిండా నిన్న సాయంత్రం వలిచిన పువ్వులు, ఎర్ర కాగితాలతో, మగ పువ్వు కోసం తెరుచుకుని ఉన్నాయి. ఒక్కదానికీ రాయలేదు. అప్పటికే మధ్యాహ్నం. ముప్పై ఏళ్లలో మా అన్న ఒక్క పూట పువ్వును వదిలిపెట్టడం నేను చూడలేదు, మా నాయన పోయిన రోజు కూడా సగం మంది కూలీలను చేనుకు పంపాడు. ఆ చేనులో నిలబడి నాకు మొత్తం తెలిసిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అనేది. నేను నానబోసింది గింజలను కాదు.

పదకొండు రోజులు పిల్ల జాడ లేదు. రాయచూరు వైపు బంధువుల ఇంట్లో పెట్టారని ఒకరు, ఇంకెక్కడో అని ఒకరు చెప్పారు. ఆమె మొగుడూ నేనూ కలిసి పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. ఆ పదకొండు రోజుల్లో అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు తీసుకుపోయావని అడగలేదు. అడిగితే బాగుండునని ఎదురుచూశాను. అడవిలో జాడ తీసే మనిషి గద్వాల బస్టాండులో నిలబడి ప్రతి కారు అద్దంలోకి తొంగి చూస్తుంటే నేను తల తిప్పుకునేదాన్ని.

సెలవు ఇవ్వకపోవడంతో మధ్యలో నాలుగు రోజులు పని కూడా చేశాను. ఒకడు తమ జాతిని వదిలిపోయిన ఆడపిల్లలను వెనక్కు తెచ్చుకోవడం ఎలా అని రాశాడు. తిట్టకండి, ప్రేమగా పిలవండి, తల్లి ఏడుస్తోందని చెప్పండి అని రాశాడు. పైకి చూస్తే అందులో తప్పు మాట ఒక్కటి లేదు. నేను మళ్లీ మళ్లీ చదివాను. తీసేశాను. ఆ రోజు ఇంకేదీ చదవలేకపోయాను.

పన్నెండో రోజు పిల్లను స్టేషన్‌కు తీసుకొచ్చారు. ఎస్సై పద్ధతైన మనిషే. అన్ననూ మాతో పాటు బయటే ఉండమన్నాడు, తర్వాత నన్ను మాత్రం లోపలికి పిలిచాడు. పిల్ల సర్టిఫికెట్లు, బట్టలు ఉన్న సంచి నా దగ్గరుంది, అది ఇవ్వడానికి. ఆమె చిక్కిపోయింది. చేతులకు కొత్త గాజులు. ఎస్సై అడిగిన ప్రశ్నకు, గోడ వైపు చూస్తూ, అప్పజెప్పినట్టు చెప్పింది. నా ఇష్టంతోనే అమ్మానాన్నల దగ్గర ఉన్నాను. మాయమాటలు చెప్పి పెళ్లి చేశారు. మా అత్త చేయించింది. మన వంశం కలుషితం కాకూడదని నాకు ఇప్పుడు తెలిసింది.

ఆ ఆఖరి మాట మా పిల్లది కాదు. దాని మాటలు నాకు తెలుసు, అది నవ్వకుండా ఒక వాక్యం పూర్తి చేయలేదు. ఆమె మేజర్, ఆమె ఇష్టం అన్నాడు ఎస్సై, కాగితం మీద రాసుకుంటూ. ఆ చట్టం చూపించే నేను దాని పెళ్లి చేశాను. ఇప్పుడు అదే చట్టం దాన్ని తీసుకుపోతోంది.

సంచి ఇస్తానన్నాను. మహిళా కానిస్టేబుల్ కాగితం మీద సంతకం చేయించడానికి పెన్ను వెతుకుతోంది. పిల్ల సంచి అందుకోవడానికి వంగింది. నా చెవి దగ్గర ఒక్క ఊపిరిలో చెప్పింది.

“ఆయనను మా ఊరికి రానియ్యకు అత్తా. జాగ చూసి పెట్టిన్రు, చంపుతరు. నేను మర్చిపోలేదని మాత్రం చెప్పు.”

అంతే. లేచి నిలబడింది. సంతకం పెట్టింది. అన్న కారు తలుపు తీసి పట్టుకున్నాడు, నా వైపు చూడలేదు. నేను చూశాను. బెరకు మొక్కను వెతికే చూపుతో ఆయన రోడ్డు అవతల చెట్టు కింద నిలబడ్డ అల్లుణ్ని చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. దాని తర్వాత ఆ చెయ్యి ఏం చేస్తుందో కూడా తెలుసు.

కారు పోయింది. అతను రోడ్డు దాటి నా దగ్గరకు వచ్చాడు. పన్నెండు రోజుల గడ్డం. ఎదురుగా నిలబడి, మెల్లగా అడిగాడు.

“ఏమన్నది అత్తమ్మా?”

స్టేషన్ మెట్ల మీదే కూర్చున్నాను. మర్చిపోలేదని చెబితే ఇతను ఆగడు. ఈ రాత్రికే ఆ ఊళ్లో ఉంటాడు. పులి జాడ వెంట రోజుల తరబడి నడిచే మనిషి ఇతను. చెప్పకపోతే బతుకుతాడు, ఆమె తనను వదిలేసిందనుకుని బతుకుతాడు. ఆమె పంపిన ఒక్క మాట నా దగ్గర ఉంది. దాన్ని ఉంచాలో తీసేయాలో నేనే చెప్పాలి.

“ఏమనలేదు బిడ్డా,” అన్నాను. “వాళ్లతోనే ఉంటనన్నది. నీ పేరు ఎత్తలేదు.”

అతను చాలాసేపు నా ముఖం చూశాడు. తర్వాత తలాడించి, చేతిలోని నీళ్ల సీసా నాకిచ్చి, నాగర్‌కర్నూల్ బస్సు ఎన్నింటికో కనుక్కుంటానని పోయాడు.